ఢిల్లీ విమానమూ గోవిందప్ప చేనూ

ఢిల్లీ నుంచి బెంగళూరుకు ఆకాశమార్గాన ఎంత దూరం, విమానానికి ఎంతసేపు పడుతుంది అన్న ప్రశ్నను విమానం ఎక్కేవాళ్ళు పట్టించుకున్న పాపాన పోలేదు. కిటికీ పక్క సీటు దొరికిందా, ఫలహారం పెడతారా లేదా అన్న చింతలతోనే వారి ప్రయాణం ముగిసిపోతుంది. ఆ ప్రశ్నను ఒక శాస్త్రంగా స్వీకరించి, వాదప్రతివాదాలు నడిపి, చివరకు మన్ను చేతబట్టి ప్రమాణం చేసే దాకా వెళ్ళిన ఘనత భూప్రపంచంలో ఒక్క రాగులదిన్నెకే దక్కింది. ఆ ఊళ్ళో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. శాస్త్రచర్చకు అనుభవం అడ్డు రాకపోవడం ఎప్పుడూ ఒక సౌకర్యమే.

రాగులదిన్నె గార్లదిన్నె మండలంలో, తారురోడ్డు విసుగెత్తి ఎర్రమట్టిగా మారిపోయే చోట ఉంటుంది. అక్కడికి వాన చుట్టపుచూపుగా వస్తుంది. కాళ్ళకు నీళ్ళిచ్చేలోపే వెళ్ళిపోతుంది. నేల విషయంలోనూ నీటి విషయంలోనూ ఇంత పొదుపు పాటించిన సృష్టికర్త ఆకాశం దగ్గర మాత్రం చెయ్యి వెనక్కు తియ్యలేదు. ఏడాదిలో ఎక్కువ భాగం మబ్బు తునక కూడా అడ్డం రాని నీలం. అంత శుభ్రమైన పలక మీద ఎవరు ఏ గీత గీసినా ఊరంతటికీ కనిపిస్తుంది. ప్రతి సాయంత్రమూ ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక తెల్లటి గీత పడేది. ఆ గీత కింద పనిచేసే కూలీలకు అదే గంట, అదే గడియారం, అదే న్యాయస్థానం.

ఈ వ్యవస్థ అనాదిగా, అంటే ఆరేళ్ళుగా, నడుస్తున్నది. అంతకుముందు పనివేళల విషయంలో ఊరు అరాచకంలో ఉండేది. గోవిందప్ప అనే రైతు చేతి గడియారం ఎప్పుడూ వెనకబడి ఉండేది. ఆయన చేలో పనికి వచ్చే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద అయిన తిప్పమ్మ దగ్గరి గడియారం ఎప్పుడూ ముందుండేది. రెండు గడియారాల నడుమ పడి పొద్దు నలిగిపోయేది. ఒకనాడు ఇద్దరూ గొంతు చించుకుంటున్న సమయంలో నెత్తి మీద విమానం గీత గీసుకుంటూ పోయింది. ఇరుపక్షాల్లో ఎవరి చేతికీ అందనిది, ఎవరి మాటా విననిది, ఎవరికీ చుట్టం కానిది అదొక్కటే అని ఇద్దరికీ ఒకే క్షణంలో స్ఫురించింది. ఆనాటి నుంచి విమానం కనపడితే పని బంద్. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి గడియారాలన్నీ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టినా, అప్పటికే ఆచారం స్థిరపడిపోయింది. నిజం దొరికింది కదా అని ఆచారాన్ని వదులుకునే ఊరు కాదది.

ఆ విమానం ఢిల్లీ నుంచి బెంగళూరుకు పోయేదని ధ్రువపరిచినవాడు రవికుమార్ శెట్టి. ఆయనకు అనంతపురంలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉన్నది. పురుగుమందులు ధారాళంగా అమ్మినందుకు మెచ్చి, కంపెనీ వాళ్ళు ఆయనను ఒకసారి ఢిల్లీకి రైల్లో తీసుకువెళ్ళి విమానంలో వెనక్కు పంపారు. బెంగళూరు చేరబోయే ముందు కిటికీలోంచి చూస్తే తన దుకాణం మీది రేకులు తళతళ మెరుస్తూ కనిపించాయని ఆయన చెబుతారు. ప్రయాణం పొడుగునా ఆయన గురక పెట్టారని తోడు వెళ్ళినవాళ్ళు చెబుతారు. రెండు సాక్ష్యాల్లో మొదటిదే అందంగా ఉన్నది కనుక ఊరు దానినే నమ్మింది.

ఆ సంవత్సరం వానలు యథాప్రకారం మోసం చేశాయి. గోవిందప్ప వేసిన వేరుశెనగ చచ్చీ బతికీ కాయ పట్టింది. చెట్టు పెరికే వేళకు నేల రాయిలా బిగిసి ఉన్నది. అట్లాంటి నేలలో చెట్టును పట్టి లాగితే కట్టె, అంటే ఉత్త కాడ, చేతికొస్తుంది, కాయ తెగి లోపలే ఉండిపోతుంది. ఆరునెలల సేద్యం భూదేవికి నైవేద్యమవుతుంది. గోవిందప్ప దిక్కులు చూస్తూ కూర్చున్న ఆ సమయంలో, దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకు, ఎవరూ పిలవకుండానే ఒక వాన వచ్చి పోయింది. నేల మెత్తబడింది. రైతులు పదును అని పిలిచే ఆ తడి, పిల్లగాలి తోలితే చాలు, రెండు రోజులకు మించి నిలవదు. ఆ రెండు రోజుల్లో చేనంతా పెరికి తీరాలి. మూడో రోజు కూలీలు దొరకరు. ఎందుకంటే వాన పక్షపాతం లేకుండా కురిసింది. గుట్ట కింద తిప్పమ్మకూ ఆమె ముఠాకూ ఉన్న చిన్నచిన్న తుండు చేలల్లో కూడా నేల మెత్తబడింది. మూడో రోజు తమ చేలు పెరుక్కుంటామని వాళ్ళు ముందే చెప్పారు.

మొదటి రోజు పని జోరుగా సాగింది. తిప్పమ్మ ముఠా సాలుకొకరు చొప్పున వంగితే చేను వెనక్కు జరుగుతున్నట్లే ఉండేది. గోవిందప్ప గట్టు మీద నిలబడి, సగం ఈ రోజు, సగం రేపు అని మనసులో చేనును పంచుకుంటున్నాడు. పొద్దు ఇంకా బారెడు మిగిలి ఉండగానే ఉత్తరాన తెల్లటి గీత పుట్టింది. తిప్పమ్మ నడుం ఎత్తి, నొసటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, కొంగు దులిపింది. ఆమె వెనకే అందరూ లేచారు.

"ఇంగా పొద్దుండాది కదా తిప్పమ్మా" అన్నాడు గోవిందప్ప.

"పొద్దుతో మనకేం పనన్నా. ఇమానం పోయినాది" అన్నది తిప్పమ్మ.

ఆరేళ్ళుగా ఐదు దాటితే తప్ప రాని విమానం పండగ నుంచీ ఇట్లా నాలుగింటికే వచ్చి పోతున్నదని గోవిందప్పకు తెలుసు. కలుపు తీసే రోజుల్లో అయితే అదొక ముచ్చటగా ఊరుకునేవాడు. ఇప్పుడు చేలో మూడింట రెండు వంతులు మిగిలిపోయింది. ఆడవాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయాక ఆయన మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. పైన అప్పుడే పొడి తేలుతున్నది. రేపు కూడా నాలుగింటికే వదిలిపెడితే చేను తెగదు. ఇంతకూ ఆ విమానం ఎందుకు తొందరపడుతున్నట్లు? ఎవరు తొందరపెడుతున్నట్లు?

ఆ సాయంత్రం గోవిందప్ప ఇల్లు పరిశోధనాలయంగా మారింది. గోడకు ఒక విత్తనాల కంపెనీ క్యాలెండరు ఉన్నది. దాని మీద భారతదేశ పటం ఉన్నది. ఆయన ముందు రవికుమార్ శెట్టికి ఫోన్ చేశాడు. శెట్టి గారు అనుభవజ్ఞులు కనుక ప్రశ్న పూర్తికాకముందే సమాధానం మొదలుపెట్టారు. ఢిల్లీకీ బెంగళూరుకూ రెండువేల కిలోమీటర్లకు పైమాటేనన్నారు. అది రైలు దూరం కాదా అని గోవిందప్ప సందేహిస్తే, రైలు పోయే ఊళ్ళకే కదా విమానమూ పోయేది, దూరం ఎట్లా మారుతుందని ఎదురు ప్రశ్న వేశారు. తనకు మూడున్నర గంటలు పట్టిందన్నారు. అందులో బెంగళూరు పైన దిగడానికి వీలుచిక్కక గిరగిరా తిరిగిన సమయం ఎంతో, మేలుకొని ఉన్న సమయం ఎంతో ఆయన విడదీసి చెప్పలేదు. అయితే పటంలో ఢిల్లీ పైన, బెంగళూరు కింద ఉన్నాయి గనక వచ్చేటప్పుడు దిగువదారి అనీ, పోయేటప్పుడే ఎగువ అనీ, వచ్చే విమానం కొంచెం వేగంగా రావడంలో వింత లేదనీ మాత్రం వివరించారు. అయినా నాలుగింటికే రావడం అన్యాయమనీ, రేపు తాను స్వయంగా వచ్చి చూస్తాననీ హామీ ఇచ్చారు.

ఈ సిద్ధాంతాన్ని గోవిందప్ప తన భార్య రామసుబ్బమ్మకు వినిపిస్తుంటే, అనంతపురంలో డిగ్రీ చదువుతూ సెలవుకు వచ్చిన కూతురు గౌతమి పళ్ళెంలో తల దాచుకుని నవ్వింది. ఆకాశంలో ఎగువా దిగువా ఉండవనీ, తిన్నగా పోతే ఆ రెండు ఊళ్ళ మధ్య పదిహేడు వందల కిలోమీటర్లేననీ, విమానానికి మూడు గంటలు కూడా పట్టదనీ, గాలి వాటాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుందనీ చెప్పింది. తర్వాత ఫోన్ తీసి తండ్రి ఎదుట పెట్టింది. తెర మీద దేశమంతా పసుపుపచ్చ పిట్టలు పాకుతున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క విమానమట. వేలు పెడితే ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదీ చెబుతుందట. గడిచిపోయిన విమానాల జాతకాలు కూడా అందులో ఉంటాయట.

గౌతమి వెతికి వెతికి నాలుగింటి విమానాన్ని పట్టుకున్నది.

"నాయనా, ఇది ఢిల్లీది కాదు. ఇందోర్ది" అన్నది.

పండగ తర్వాత విమానాల వేళలు మారాయి. ఇందోర్ నుంచి ఒక కొత్త విమానం మధ్యాహ్నం పూట దూరింది. పాత ఢిల్లీ విమానం ఐదున్నర దాటాక తన మానాన తాను వస్తూనే ఉన్నది. ఇన్ని రోజులుగా దానిని ఎవరూ చూడలేదు. పని ముగిశాక రాగులదిన్నెలో ఎవరూ ఆకాశం వైపు తలెత్తరు.

గోవిందప్ప పటం ముందు నిలబడి ఇందోర్ ఎక్కడుందో వేలితో వెతికి పట్టుకున్నాడు. అది ఢిల్లీకి పోయే దారిలో, మూడింట రెండు వంతుల దూరంలో ఉన్నది. అంటే అంత తక్కువ నుంచి బయలుదేరిన ఒక పరాయి విమానం, ఢిల్లీ విమానానికి చెల్లవలసిన గౌరవాన్ని దారికాచి కొట్టేసింది. ఆయనకు కోపం రాలేదు. చాలా కాలంగా పోయిందనుకున్న పొలం సర్వేలో తనదేనని తేలినప్పుడు కలిగే ప్రశాంతత వంటిది కలిగింది. గౌతమి ఇంకేదో చెప్పబోయింది. విజయం చేతికందిన మనిషికి మిగతా సమాచారం అనవసరం. ఆయన అప్పటికే పశువులకు మేత వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

రెండో రోజు పొద్దున్నే చేని గట్టు మీద మహాసభ జరిగింది. ఒక పక్క తిప్పమ్మా ఆమె ముఠా; మరొక పక్క గోవిందప్ప, చేతిలో ఫోనుతో గౌతమి. ఇందోర్ మోసాన్ని గోవిందప్ప సవివరంగా బయటపెట్టాడు. ఆచారం ఢిల్లీ విమానానిదే తప్ప అన్య విమానాలది కాదన్నాడు. నిన్న జరిగిందేదో జరిగిపోయింది, దానిని తవ్వబోనని ఔదార్యం కూడా చూపించాడు. తిప్పమ్మ ఫోను తెర వైపు, ఆకాశం వైపు, గోవిందప్ప మొహం వైపు వరసగా చూసింది. ఆమెకు చదువు లేదు గానీ, మాటను మెలివేసి గట్టిదనం చూడడం తెలుసు.

"అట్లైతే ఢిల్లీ నుంచి బెంగళూరికి పోయేదే లెక్క. ఇంగోటి కాదు. అంతేనా అన్నా?"

"అంతే."

"ముందొచ్చినా, ఎనకొచ్చినా?"

"ముందొచ్చినా, ఎనకొచ్చినా. ఫోను చెప్పిందే మాట."

"మన్ను పట్టుకోని చెప్పు."

గోవిందప్ప వంగి పిడికెడు మన్ను తీసుకున్నాడు. ఆ ఊళ్ళో మన్ను పట్టుకుని అన్న మాట వెనక్కు పోదు. పదునున్న మన్ను గనక చేతికి చక్కగా అంటుకున్నది. అది శుభసూచకమని ఆయన భావించాడు. ప్రమాణం పూర్తయింది. ఆడవాళ్ళు సాళ్ళలోకి దిగారు. గౌతమి వేపచెట్టు కింద ఫోను పట్టుకుని, కొత్త న్యాయస్థానానికి గుమస్తాగా కూర్చున్నది.

ఎండ కాస్త ఎక్కాక రవికుమార్ శెట్టి కారులో వచ్చి దిగారు. చేతులు ఊపుకుంటూ రాలేదు. మిరపకాయ బజ్జీలతో సహా పెద్ద పొట్లం బొరుగుల ఉగ్గాని తెచ్చారు. తాను ఒకనాడు ప్రయాణించిన మార్గం కింద కుర్చీ వేయించుకుని, తలెత్తి, పరిచయస్థుల కోసం బస్టాండులో చూసినట్లు ఆకాశాన్ని చూడసాగారు. ఇందోర్ సంగతి విని, తనకు ముందే అనుమానం ఉండిందన్నారు. ఢిల్లీ విమానం నడకలోనే ఒక హుందాతనం ఉంటుందట.

పదకొండు కావస్తుండగా తిప్పమ్మ నీళ్ళు తాగడానికి చెట్టు కిందికి వచ్చింది. చెంబు ఎత్తి గొంతులో పోసుకుని, మూతి తుడుచుకుని, ఊరికే అడిగినట్లు అడిగింది.

"ఏం గౌతమీ, ఇప్పుడు పైన ఏమన్నా పోతాండాయా?"

గౌతమి తెర చూసింది. అబద్ధం ఆడే అలవాటు లేని పిల్ల.

"ఒకటి పోతాండాది అత్తా."

"యాడిది?"

గౌతమి ఒకసారి తండ్రి వైపు చూసింది. "ఢిల్లీది."

"యాడికి పోతాండాది?"

"బెంగళూరికి."

తిప్పమ్మ చెంబు బోర్లించింది. తర్వాత చేని వైపు తిరిగి, పెద్దగా అరవకుండా, తనవాళ్ళను పేర్లతో పిలిచింది. ఒక్కొక్కరే నడుం ఎత్తి, చేతుల మన్ను దులుపుకుంటూ నీడకు వచ్చారు. గోవిందప్ప గట్టు మీద నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. విషయం విని తలెత్తి చూశాడు. సూర్యుడు తప్ప ఏమీ లేదు. ఆ వేళప్పుడు గీత పడదు. ఆ ఎండలో పిట్ట కూడా కనపడదు.

"యాడుండాది? నాకు కనపల్యా" అన్నాడు.

"నాకూ కనపల్యా అన్నా. ఫోను చెప్పిందే మాట అని నువ్వే గదా చెప్పినావు."

నిన్న సాయంత్రం చెప్పబోయింది ఇదేనని గౌతమి అప్పుడు చెప్పింది. ఢిల్లీ నుంచి బెంగళూరుకు విమానం ఒకటి కాదు. పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా, ఇంచుమించు గంటకొకటి పోతూనే ఉంటుంది. తెల్లవారి కూలీలు ఆటో దిగే వేళకు కూడా ఒకటి పోయి ఉంటుంది. మన్ను పట్టుకుని చేసిన శాసనం ప్రకారం రాగులదిన్నెలో ఇక ఏ పనీ మొదలు కావడానికే వీలులేదు. చరిత్రలో ఎందరో ప్రభువులు శ్రామికులకు ఎన్నో వాగ్దానాలు చేశారు. ఇంత సంపూర్ణమైన విశ్రాంతిని ప్రసాదించినవాడు గోవిందప్ప ఒక్కడే.

రవికుమార్ శెట్టి న్యాయసలహాకు పూనుకున్నారు. పగటి విమానం చిన్నరకమనీ, అసలైన ఢిల్లీ విమానం సాయంత్రానిదేననీ, తాను ఎక్కింది అదేననీ వాదించారు. తిప్పమ్మ ఆయన మాట అంతా విని, మీరెక్కిన ఇమానంలోంచి మా చేను కనపడిందా అని అడిగింది. తన దుకాణం రేకులైతే కనపడ్డాయన్నారు శెట్టి. మా చేను కనపడనిది మా చేని గురించి ఎట్లా చెబుతుందని ఆమె అన్నది. సభలో నవ్వులు రేగాయి. శెట్టి గారు బజ్జీ మీద దృష్టి నిలిపారు.

గోవిందప్ప నవ్వలేదు. ఆయన చేలోకి నడిచి, పెరకని సాలులో వంగి ఒక చెట్టును పట్టి లాగాడు. చెట్టు వచ్చింది. కాయలు వచ్చాయి. రెండు మాత్రం పుటుక్కుమని తెగి నేలలోనే ఉండిపోయాయి. ఉదయం ఒక్కటీ తెగలేదు. ఆయన అట్లాగే గొంతుకూర్చుని, వేలితో మట్టి తవ్వి ఆ రెండు కాయలనూ బయటికి తీశాడు. ఆరు నెలలు చూసిన వాన రెండు రోజులకు వచ్చింది. ఆ రెండు రోజుల్లో నిన్నటి సాయంత్రం ఇందోర్‌కూ, ఈ పూట ఢిల్లీకీ తన నోటికీ పోయాయి. సాయంత్రానికి ఈ మన్ను బిగుస్తుంది. రేపు ఇక్కడ ఎవరూ ఉండరు.

తిప్పమ్మ ముఠా ఇంటికి పోలేదు. పోవడానికి వీలు కూడా లేదు. వాళ్ళ ఆటో సాయంత్రానికి గానీ రాదు. చెట్టు కింద కాళ్ళు చాపుకుని, పచ్చికాయలు వొలుచుకు తింటూ ఉగ్గాని పొట్లం వైపు చూస్తున్నారు. తిప్పమ్మ మాత్రం చేలో గొంతుకూర్చున్న మనిషినే చూస్తున్నది. పదును ఆరిపోతున్న నేల ముందు కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కాసేపటికి గోవిందప్ప వచ్చి, చెట్టు నీడ అంచున, ఎండలోనే కూర్చున్నాడు. విమానాల మాట మరిచిపోదామన్నాడు. మన్ను పట్టుకున్నావు కదా అని ఆమె గుర్తు చేసింది. కూలి ఎక్కువ కట్టిస్తానన్నాడు. మాట తప్పడానికి కూలి ఏమిటని ఆమె అన్నది.

"నువ్వే ఏదో ఒకటి చెప్పు తిప్పమ్మా" అన్నాడు.

తిప్పమ్మ ఒక కాయ వొలిచి, గింజలు నోట్లో వేసుకుని, నమిలి, అప్పుడు చెప్పింది.

"కూలి పని అయిపోయినాది అన్నా. దాన్ని మల్లా మొదలుపెట్టేది ల్యా. కానీ గుట్ట కింద మా చేండ్లూ ఎండతాండాయి. రేపు పెరకాలంటే మాకూ మనుషులు చాలరు. ఈ పూట నీ చేన్లో మేము పెరుకుతాం. రేపు మా చేన్లో నువ్వు పెరకల్ల. చేతికి చెయ్యి బదులు."

"నేనా?"

"నువ్వు, రామసుబ్బమ్మక్క. శెట్టి వస్తానంటే ఆయన్నీ వద్దనం."

ఎంతసేపు పెరకాలని గోవిందప్ప అడిగాడు. విమానం వచ్చేదాకా అన్నది తిప్పమ్మ. ఏ విమానమో ముందే తేల్చుకోవాలని ఆయనకు ఈసారి బుద్ధి పుట్టింది. చర్చ సుదీర్ఘంగా జరిగింది. చివరకు సాయంత్రపు ఢిల్లీ విమానమేననీ, అది కంటికి కనపడితే తప్ప చెల్లదనీ, ఫోను న్యాయస్థానం శాశ్వతంగా మూసివేయబడిందనీ, చేను ఎవరిదైతే ఆకాశం చూసి చెప్పే అధికారం వారిదేననీ ఒప్పందం కుదిరింది. గోవిందప్పకు ఈ చివరి షరతు బాగా నచ్చింది. ఎందుకంటే ఆ క్షణాన చేను ఆయనదే.

మళ్ళీ మన్ను పట్టుకున్నారు. ఈసారి ఇద్దరూ.

ఆ తర్వాత జరిగిన పనిని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కూలికి వంగిన నడుముకూ బదులుకు వంగిన నడుముకూ తేడా ఉంటుంది. ఉగ్గాని తిన్న బలంతో ముఠా సాళ్ళలోకి దిగింది. గోవిందప్ప దిగాడు. అన్నం గంప తెచ్చిన రామసుబ్బమ్మ గంప దించి తానూ ఒక సాలు పట్టింది. గౌతమి ఫోను ఆపేసి వచ్చింది. రవికుమార్ శెట్టి గారు కూడా ప్యాంటు మడిచి ఒక సాలులో ప్రవేశించి, ఇరవై చెట్ల దాకా పెరికి, ఈ విత్తనం తన దుకాణానిదేనని గుర్తుపట్టి, దాని గొప్పతనాన్ని వివరించడానికి గట్టెక్కారు. నాలుగింటికి ఇందోర్ విమానం నెత్తి మీద గీత గీసుకుంటూ పోయింది. దానిని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. పాపం, అది ఏ తప్పూ చెయ్యలేదు. ఢిల్లీ విమానం ఎర్రబడిన ఆకాశంలో కనిపించే సమయానికి చివరి సాలులో నాలుగు చెట్లు మిగిలాయి. గోవిందప్ప అధికారపూర్వకంగా తలెత్తి చూసి, విమానం కనపడిందని ప్రకటించాడు. అందరూ ఆ నాలుగూ పెరికేసి లేచారు. చేనంతా కట్టెలు కుప్పలు కుప్పలుగా, కాయలు పైకి తిరిగి ఉన్నాయి. ఆయన వాటి మధ్య నడుస్తూ అవసరం లేకపోయినా ఒక్కొక్క కుప్పనూ చేత్తో తాకాడు.

మూడో రోజు పొద్దున గౌతమి అనంతపురం బస్సెక్కింది. రవికుమార్ శెట్టికి ఆ రోజు దుకాణంలో తప్పనిసరి పని పడింది. గోవిందప్పా రామసుబ్బమ్మా మాట ప్రకారం గుట్ట కింద తిప్పమ్మ చేలోకి వెళ్ళారు.

అది తుండు చేనే. కానీ రాతినేల, పదును ఇంకా త్వరగా ఆరుతున్నది. ముఠా మొత్తం ఉన్నది. గోవిందప్పకు నడుము మధ్యాహ్నం లోపే తన ఉనికిని తెలియజేసింది. గట్టు మీద నిలబడి చూసిన పనీ, సాలులో వంగి చేసే పనీ ఒకటి కాదని నిన్ననే అనుమానం కలిగింది. ఈ రోజు రూఢి అయింది. మధ్యాహ్నం తర్వాత ఆయన చెట్టు పెరికినప్పుడల్లా ఒకసారి ఉత్తరం వైపు చూడడం మొదలుపెట్టాడు. పదిహేడు వందల కిలోమీటర్లు. మూడు గంటలు కూడా పట్టదని కూతురు చెప్పింది. ఆ విమానం ఎందుకు తొందరపడుతున్నదని రెండు రోజుల కిందట మథనపడినవాడే, ఇప్పుడు మూడు గంటలు ఎందుకు కావలసి వచ్చిందని విసుక్కోసాగాడు. దిగువదారి అన్న శెట్టి సిద్ధాంతం నిజమైతే ఎంత బాగుండును అనిపించింది.

చివరకు ఉత్తరాన, నీలం మీద, తెల్లటి గీత పుట్టింది. సన్నగా, తిన్నగా, నిశ్శబ్దంగా ముందుకు వచ్చింది. గోవిందప్పకు తన జీవితంలో ఇంత అందమైన గీత చూసిన గుర్తు లేదు. ఆయన రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, మెల్లగా, ఎముక మీద ఎముక నిలబెట్టుకుంటూ లేచాడు. కొంగు లేదు గనక తలగుడ్డ దులిపాడు.

"తిప్పమ్మా, ఇమానం పోతాండాది" అన్నాడు.

తిప్పమ్మ తల ఎత్తలేదు. చేతిలోని చెట్టును ఒకసారి విదిలించి, కాయలకంటిన మన్ను రాల్చి, పక్కన వేసింది.

"అది ఇందోర్ది అన్నా. ఢిల్లీది ఇంగా రాలా."

ముఠా అంతా వంగినచోటే నవ్వింది. గోవిందప్ప ఆకాశాన్ని, చేనును, మళ్ళీ ఆకాశాన్ని చూశాడు. చేను ఆమెది. ఢిల్లీ ఇంత దూరాన ఎవరు పెట్టారోనని గొణుగుతూ రామసుబ్బమ్మ వైపు తిరిగాడు, కనీసం ఆమె అయినా సానుభూతి చూపిస్తుందని.

"మాటలు పెట్టుకుంటే సాలు ఎనకబడతాది" అన్నది రామసుబ్బమ్మ.

గోవిందప్ప వంగాడు.